ఫొటో చూసి నెల చెప్పే మా అమ్మ

మా అమ్మకు ఏ ఫొటో చూపించినా ముందు మనుషుల మొహాలు చూడదు, వాళ్ల వెనకాల ఏముందో చూస్తుంది. చేనులో ఏముంది, చెట్టు చిగురేసిందా మోడుగా ఉందా, చెరువులో నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయి, వాకిట్లో ఏం ఆరబోశారు. అవన్నీ చూసి "ఇది పెత్రమాస ముంగట తీసింది బిడ్డా, గునుగు ఇంకా తెల్లవడలేదు సూడు" అంటుంది. పెత్రమాస అంటే బతుకమ్మ మొదలయ్యే అమావాస్య, గునుగు బతుకమ్మలో పేర్చే పువ్వు. ఆ తర్వాతే అందులో ఉన్నది ఎవరో పట్టించుకుంటుంది. ఈ మధ్య మా ఇంటి పాత ఫొటోలన్నీ ఒక్కొక్కటే ఫోన్లోకి ఎక్కిస్తున్నాను, ఏది ఎప్పటిదో రాసి పెడదామని అమ్మను పక్కన కూర్చోబెట్టుకున్నాను. సాయంత్రాలు ఎలా గడిచిపోతున్నాయో తెలియడం లేదు.

మా ఇంట్లో మొదటి కెమెరా మా చిన్నాయనది. తొంభైల మొదట్లో మస్కట్ నుంచి సెలవు మీద వస్తూ తెచ్చాడు, తిరిగి పోయేటప్పుడు ఇంట్లోనే వదిలేసి పోయాడు, "మీరే ఫొటోలు తీసి నాకు పంపండి, అక్కడ నేనేం తీసుకోను, ఇసుకనా" అని. రీలుకు ముప్పై ఆరు ఫొటోలు. రీలు కొనడానికి డబ్బులు, కడిగించడానికి ఇంకా డబ్బులు, అందుకని సంక్రాంతికి వేసిన రీలు దసరాకు గానీ అయిపోయేది కాదు. ఐనవోలు మల్లన్న జాతరలో ఒకటో రెండో, కాముని పున్నమికి ఒకటి, తొక్కు పెట్టడానికి మామిడికాయలు దింపిన రోజు ఒకటి, ఎవరిదో పెళ్లిలో ఓ పది, పోచమ్మ బోనాలకు కొన్ని, చివరికి మిగిలినవన్నీ బతుకమ్మకు. అప్పుడు బాపు హన్మకొండ చౌరస్తా దాకా పోయి స్టూడియోలో ఇచ్చి వచ్చేవాడు, వారం దాకా మాకు నిద్ర పట్టేది కాదు. ఫొటోలు వచ్చాక వాటిని వరసగా నేల మీద పరిస్తే ఏడాది మొత్తం అక్కడే ఉండేది, ఎండకాలం ఎర్రమట్టి దగ్గర మొదలై వానలకు పచ్చబడి, బతుకమ్మ పూల దగ్గర ఆగేది.

ఆ కెమెరా ఫొటో మూలన నారింజ రంగులో తేదీ కొట్టేది. బ్యాటరీ మార్చినప్పుడల్లా ఆ తేదీ మళ్లీ మొదటికి వచ్చేది, దాన్ని ఎలా సరిచేయాలో మా ఇంట్లో ఎవరికీ తెలిసేది కాదు. అందుకే మా ఫొటోల్లో సగం జనవరి నెలలోనే ఉంటాయి. వానలో తడుస్తూ నాటు వేస్తున్న పెద్దమ్మ కూడా జనవరే, బతుకమ్మ ఎత్తుకున్న అక్క కూడా జనవరే. మా అమ్మ చదువుకోలేదు కాబట్టి ఆ అంకెల జోలికి ఎప్పుడూ పోలేదు. తంగేడు చూసి, జొన్న కంకి చూసి, మోదుగ చూసి చెప్తుంది. సరిగ్గా అదే నిజం అవుతుంది.

ఒక ఫొటో ఉంది. మా చిన్నాయన కొడుకు, అంటే మా తమ్ముడు, కిరాణా కొట్టు ముందు తరాజు పళ్లెంలో కూర్చుని ఏడుస్తున్నాడు. రెండో పళ్లెంలో బెల్లం ముద్దలు. మేడారం మొక్కు. మనిషి ఎంత బరువుంటే అంత బంగారం, అంటే బెల్లం, సమ్మక్క సారలమ్మలకు ఇచ్చుకోవాలి. ఈ ఫొటో చూడగానే అమ్మ మాఘమాసం అంది, అది ఎవరైనా చెప్తారు, జాతర మాఘ పున్నమికే కదా. కానీ ఏ ఏడాది? అప్పుడు నాకు తట్టింది, మేడారం జాతర రెండేళ్లకోసారి, అదీ సరి సంవత్సరాల్లోనే వస్తుంది. తమ్ముడు పుట్టింది 1992 చివర్లో, ఫొటోలో మూడేళ్లు దాటినట్టున్నాడు. అంటే 1996. ప్రభుత్వం మేడారాన్ని రాష్ట్ర పండుగగా ప్రకటించిన ఏడాది కూడా అదే. నేను లెక్క కట్టి చెప్తే అమ్మ "గంత లెక్క ఎందుకు, ఆ యేడు పోరనికి తట్టు పోసింది, తగ్గితే మొక్కుకున్నం" అంది. ఆమె దగ్గర ఇంకో పంచాంగం ఉంది, దాంట్లో రోగాలు, వానలు, ఆవు ఈనడం అన్నీ ఉంటాయి.

ఆ తరాజులో ఏడ్చిన తమ్ముడు ఇప్పుడు దుబాయ్‌లో ఉన్నాడు. వాళ్ల నాన్న అడిగినట్టే వీడూ అడుగుతాడు. "అక్కా, చెరువు మత్తడి దుంకిందా? ఫొటో పెట్టు." మత్తడి దుంకడమంటే చెరువు నిండి అలుగు పారడం. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు ప్రతి ఊళ్లో ఇలాంటి ఇల్లు ఒకటి కాదు, ఎన్నో ఉంటాయి, మా వైపూ ఉన్నాయి. అక్కడ గదిలో ఎనిమిది మంది పడుకుని, ఫోన్లో ఊరి చెరువు ఫొటో ఒకరికొకరు చూపించుకుంటారట. వాళ్లకు మంచి ఫొటో అక్కర్లేదు, అది ఇవాళ్టిది కావాలి. నేను రోజూ ఫొటోలు తీయడం నిజంగా వాడి కోసమే మొదలైంది.

నేను టీచర్‌ని. హన్మకొండ నుంచి ములుగు వైపు ఏళ్ల తరబడి బస్సులో పోయి వచ్చాను. ఆత్మకూరు, గూడెప్పాడ్, మల్లంపల్లి, ములుగు, ఆ దారి నాకు కంఠతా వచ్చు. మల్లంపల్లి దగ్గరికి వచ్చేసరికి మట్టి ఎర్రబడిపోతుంది, వాన పడ్డ మర్నాడైతే రోడ్డు పక్క నీటి గుంటలు కూడా ఎర్రగానే ఉంటాయి. కిటికీ సీటు దొరికితే చాలు, ఫోన్ చేతిలోకి వచ్చేది. పక్కన కూర్చున్నవాళ్లు మొదట్లో వింతగా చూసేవాళ్లు, తర్వాత వాళ్లే "మేడం, ఇటు సూడండి, పాలపిట్ట" అని చూపించడం మొదలుపెట్టారు.

పాలపిట్ట గురించి చెప్పాలి. 2014లో రాష్ట్రం వచ్చాక అది మన రాష్ట్ర పక్షి అయింది, తంగేడు రాష్ట్ర పుష్పం, జమ్మి రాష్ట్ర వృక్షం, జింక రాష్ట్ర జంతువు. దసరా నాడు పాలపిట్టను చూడాలని ఊరి బయటికి పోవడం మాకు చిన్నప్పటి నుంచీ ఉన్నదే. కరెంటు తీగ మీద కూర్చున్నప్పుడు దాన్ని చూస్తే ఏముంది దీంట్లో అనిపిస్తుంది, మట్టి రంగు రొమ్ము, పెద్ద తల, కదలకుండా కూర్చుంటుంది. అది ఎగరాలి. రెక్క విప్పిన ఆ ఒక్క క్షణంలో ముదురు నీలం, లేత నీలం రెండూ ఒకదాని పక్కన ఒకటి కనిపిస్తాయి, కిందికి దూకి మిడతను పట్టుకుని మళ్లీ తీగ మీదికి వచ్చేలోపు రంగు మాయమైపోతుంది. ఫోన్ కెమెరాకు అది అందదు. నా దగ్గర తీగ మీద కూర్చున్న పాలపిట్టలు బోలెడు ఉన్నాయి, ఎగిరేది ఒక్కటే ఉంది, అదీ కాస్త అలికినట్టుగా వచ్చింది, అయినా ఆ నీలం మాత్రం పడింది. నేను తీసిన ఫొటోల్లో నాకు అన్నింటికన్నా ఇష్టమైనది అదే.

మిరప కాలం ఇంకో సంగతి. శివరాత్రి వచ్చే వేళకు కల్లాలన్నీ ఎర్రబడతాయి. ఎనుమాముల మార్కెట్ గేటు దాకా పోనక్కర్లేదు, గాలి ఇటు తిరిగితే ముక్కే చెప్తుంది. మా వైపు చపాటా మిరప వేస్తారు, పొట్టిగా లావుగా టమాటా లాగే ఉంటుంది కాబట్టి టమాటా మిర్చి అని కూడా అంటారు. కారం తక్కువ, రంగు మాత్రం ఎక్కడా లేనంత ఎరుపు. దానికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ వార్త చూసి మా తమ్ముడికి కల్లంలో తీసిన పాత ఫొటో పంపాను. ఆ ఫొటోలో మా పెద్దమ్మ కొంగు ముక్కుకు చుట్టుకుని, ఆరిన కాయల మధ్య గొంతుక్కూర్చుని తాలు ఏరుతోంది. తాలు అంటే తెల్లబడిపోయిన కాయ, దానికి ధర రాదు. రోజంతా ఏరితే చేతులు మండిపోతాయి, సాయంత్రం నూనె రాసుకున్నా రాత్రి కంటికి చెయ్యి తగిలితే ఇంక అంతే. ఫొటోలో ఎరుపు చూసి చాలామంది ఎంత బాగుందో అంటారు. బాగుంటుంది, నిజమే. కానీ నేను దగ్గరికి జరిపి తీసింది పెద్దమ్మ వేళ్లు. గోళ్ల చుట్టూ చర్మం పగిలి, ఆ పగుళ్లలోకి ఎర్రటి పొడి దిగి ఉంటుంది. మన రాష్ట్రం అందాన్ని ఫొటో తీయాలంటే ఆ వేళ్లు కూడా అందులో ఉండాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

అదే రోజుల్లో మోదుగ పూస్తుంది. ఆకు ఒక్కటీ ఉండదు, చెట్టు నిండా పూలే. తాడ్వాయి అడవిలోకి పోతే రోడ్డుకు రెండు వైపులా అదే. నల్లటి తొడిమ, దాంట్లోంచి చిలుక ముక్కులా వంగిన పువ్వు, గోరింకలు పూలలో తల దూర్చి తాగుతుంటాయి. చిన్నప్పుడు హోళీకి ఈ పూలు ఉడకబెట్టి రంగు చేసేవాళ్లం, కోలలు పట్టుకుని ఇంటింటికీ పోయి జాజిరి ఆడేవాళ్లం. ఆ తర్వాత ఇప్పపువ్వు. రాత్రంతా రాలుతుంది, తెల్లవారకముందే కోయ ఆడవాళ్లు బుట్టలతో వచ్చి ఏరుకుంటారు, పువ్వు మట్టిలో కలవకూడదని చెట్టు కింద ఆకులలమలు ముందే ఊడ్చి పెట్టుకుంటారు. ఎండలు ముదిరాక తునికాకు. యాభై ఆకులకు ఒక కట్ట, కల్లంలో ఆ కట్టల్ని వరసలు వరసలుగా ఎండబెడితే నేల మీద ఎవరో గీతలు గీసినట్టే ఉంటుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండ అంటారు కదా, ఆ ఎండలోనే ఈ పనంతా.

మృగశిర కార్తె రాగానే అంతా మారిపోతుంది. మొదటి వానకు ఎర్రమట్టి మీద ఆరుద్ర పురుగులు. మఖమల్ గుడ్డ ముక్కలు నడుస్తున్నాయా అనిపించేది. మా బడి పిల్లలకు వాటి మీద ఎంత ప్రేమో, అరచేతిలో పెట్టుకుని నా దగ్గరికి తెచ్చి ఫొటో తీయమనేవారు, తీశాక మళ్లీ తీసుకెళ్లి దొరికిన చోటే వదిలేవారు. ఇప్పుడు వాళ్లలో కొందరికి పెళ్లిళ్లు కూడా అయ్యాయి. చిన్న అరచెయ్యి, దాని మీద ఎర్రటి పురుగు, వెనక మబ్బు. ఆ ఫొటో పంపితే వాళ్లలో ఒకడు "మేడం అది నా చెయ్యే" అని వెంటనే జవాబు ఇచ్చాడు, మచ్చ చూసి గుర్తుపట్టాడట.

రామప్ప గురించి అందరికీ తెలుసు. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి వచ్చింది, నీళ్లలో తేలే ఇటుకలు, నల్లరాతి మదనికలు. పొద్దున్నే పోతే తూర్పు ఎండ ఏటవాలుగా పడి ఆ నల్లరాయి మీద నగల గీతలు కూడా కనిపిస్తాయి, అంతకన్నా నేను కొత్తగా చెప్పేదేం లేదు. నాకు మాత్రం గుడి పక్కనున్న చెరువు ఇంకా ఇష్టం. రామప్ప, పాకాల, లక్నవరం, ఈ చెరువులన్నీ కాకతీయుల నాటివి, ఎనిమిది వందల ఏళ్లుగా వాటి కింద పొలాలు పారుతూనే ఉన్నాయి. శిల్పం చూసి చెయ్యెత్తి మొక్కుతాం, తూము చూసి ఎవరూ మొక్కరు. నేను తూములు కూడా ఫొటోలు తీస్తాను.

వేయిస్తంభాల గుడిది వేరే కథ. 1163లో రుద్రదేవుడు కట్టించింది. దాని కల్యాణ మండపాన్ని 2006లో విప్పారు, మళ్లీ కట్టి తెరిచింది 2024 మార్చిలో, శివరాత్రి నాడు. ఈ మధ్యలో పెరిగిన పిల్లలకు ఆ మండపం ఎలా ఉంటుందో తెలియదు. మా రీలులో ఒక ఫొటో ఉంది, పాత మండపంలో స్తంభాన్ని కావలించుకుని నేను, అక్క. అప్పుడది మామూలు ఫొటో. మండపం తెరిచాక అదే చోట నా బిడ్డను నిలబెట్టి తీశాను. స్తంభం మెరుపు తగ్గలేదు.

ఇప్పుడు బతుకమ్మ. ఎంత రాసినా దీని దగ్గరికే వస్తాను. మొదటి రోజు ఎంగిలిపూల నాడు వేయిస్తంభాల గుడి దగ్గర, చివరి రోజు సద్దుల నాడు పద్మాక్షి గుట్ట కింద గుండం దగ్గర జనం చూడాలి. అక్కడ ఎవరైనా తీస్తారు ఫొటో, ఎటు తిప్పినా రంగులే. నాకు కావాల్సింది మధ్యాహ్నం ఇంట్లో జరిగేది. తాంబాళంలో గుమ్మడి ఆకులు పరుస్తారు. తంగేడు ఒక వరస, ఆ మీద గునుగు. గునుగు కాడలు పిడికెడు పిడికెడు కట్టలు కట్టి, మొదళ్లు సమంగా కోసి, కొసలు రంగునీళ్లలో ముంచి, గోడకు ఆనించి ఆరబెడతారు. మా అమ్మ గులాబీ రంగు, ఆకుపచ్చ తప్ప వేరేది ఒప్పుకోదు. నడుమ ఖాళీ పడకుండా ఆకులు, తుంచేసిన కాడలు కూరుతుంది, అలా కూరకపోతే ఎత్తుకున్నప్పుడు బతుకమ్మ ఒరిగిపోతుంది. బంతి, చామంతి, సీతజడ, వరస తర్వాత వరస, పైకి పోయేకొద్దీ సన్నబడాలి. పైన గుమ్మడి పువ్వు, అందులో పసుపు గౌరమ్మ. తంగేడు మధ్యాహ్నానికి వాడిపోతుంది కాబట్టి దాన్ని పొద్దున్నే తీయాలి. గునుగు అలా కాదు, పొద్దుగూకే ముందు ఎండకు ఎదురుగా పట్టుకుంటే ఒక్కో కంకి చుట్టూ వెండి అంచు వస్తుంది. పండుగ అయిపోయాక కూడా అమ్మ వేళ్లకు ఆ గులాబీ రంగు కొన్నాళ్లు ఉంటుంది. బియ్యం కడుగుతుంటే తీసిన ఫొటో ఒకటి ఉంది, తెల్లటి బియ్యంలో గులాబీ వేళ్లు.

ఇలాంటివి ఫొటో తీయొచ్చని నాకు తెలిసింది భరత్ భూషణ్ గారి ఫొటోలు చూశాక. ఆయన మన వరంగల్ బిడ్డే. బతుకమ్మను, తెలంగాణ పల్లె ఇళ్లను, తలుపులను, పనిలో ఉన్న ఆడవాళ్లను దశాబ్దాల పాటు తీశారు, 2022లో కన్నుమూశారు. అంతకుముందు నేను ఫొటో అంటే మనిషి కొత్తబట్టలు కట్టుకుని నిటారుగా నిలబడాలి అనుకునేదాన్ని, మా ఊళ్లో అందరూ అంతే. ఆయన ఫొటోల్లో మా పెద్దమ్మ లాంటి ఆడవాళ్లు చూసి, అరే, ఇది మా వాకిలే కదా అనిపించింది. మన గడపను మన ఇంటి మనిషే చూసినట్టు ఉంటాయి అవి.

ఇప్పుడు గునుగు వెతుక్కోవాల్సి వస్తోంది. గడ్డిమందులు కొట్టడం మొదలయ్యాక చేన్లలో అది తగ్గిపోయింది, రోడ్ల వెడల్పులకు, ప్లాట్లకు తంగేడు పొదలు పోయాయి. హన్మకొండలో పెత్రమాస ముందు రోజు తంగేడు కట్ట కట్టి అమ్ముతుంటే మా అమ్మకు కోపం వచ్చేస్తుంది, "తంగేడు కూడా కొనుడేనా" అని. నేను బస్సు దారిలో తీసిన ఫొటోల్లో ఒక మలుపు దగ్గర ఏటేటా తంగేడు పూసేది, తర్వాత అక్కడ హద్దురాళ్లు వచ్చాయి, ఆ తర్వాత గోడ. ఒకే మలుపు, ఒకే నెల, ఆ ఫొటోలు పక్కపక్కన పెడితే కడుపులో దేవినట్టయింది. అయినా తీసి ఉంచుకున్నందుకు మంచిదే అయింది, అక్కడ పూలుండేవి అని రేపు నా బిడ్డకు చూపించగలను. మీ దగ్గరా పాత ఫొటోలుంటే, అందులో అమ్మానాన్నల వెనకాల ఏం పూసిందో ఒకసారి చూడండి, ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నప్పుడే అడిగి వెనక రాసి పెట్టండి.

మా డబ్బాలో ఒక్క ఫొటో మాత్రం ఇంకా తేలలేదు. బాపు చెరువు కట్ట మీద నిలబడి ఉన్నాడు, భుజం మీద తువ్వాల, పక్కన మోదుగ చెట్టు నిండా పూసి ఉంది. మోదుగ పూసిందంటే శివరాత్రి దాటి ఉండాలి. కానీ వెనకాల చెరువు నిండుగా ఉంది, మా చెరువు ఆ నెలకు సగానికి దిగిపోతుంది. అమ్మ ఆ యేడు చివరి వానలు బాగా పడ్డాయి, యాసంగి పంటకు కూడా నీళ్లు మిగిలాయి అంటుంది. చిన్నమ్మ ఒప్పుకోవడం లేదు, ఆ చెట్టు ఎప్పుడూ తొందరపడి పుష్యంలోనే పూసేది, పైగా బాపు భుజం మీద ఉన్న తువ్వాల తన పెళ్లికి పెట్టింది కాబట్టి పెళ్లి తర్వాతిదే అని వాదిస్తోంది. రెండు రోజులు ఫోన్లో ఇదే పంచాయతీ. ఇంక అడగాల్సింది మా ఊరి నీరటి మామనే. తూము తీసేది, మూసేది, ఏ మడికి ఎంత పారాలో చూసేది ఆయనే కాబట్టి, ఏ యేడు నీళ్లు ఏ మెట్టు దాకా వచ్చాయో ఇప్పటికీ నోటికి చెప్తాడు. దసరాకు ఊరికి పోయినప్పుడు ఫొటో పెద్దది చేయించి తీసుకెళ్తాను, చిన్నమ్మ కూడా వస్తానంది.